పసుపు కలపని బియ్యం

మెట్‌పల్లి పాత బస్టాండు వెనక సందులో ‘సిద్దిరాములు మైక్‌సెట్టు’ అన్న బోర్డు ఇప్పటికీ వేలాడుతోంది. దాని మీద గీయించిన రేకు బూర రంగు వెలిసిపోయి, అది బూరో ఉమ్మెత్తపువ్వో చూసినవాడే తేల్చుకోవాలి. లోపల మైకూ లేదు, సెట్టూ లేదు. కుర్చీలు, షామియానాలు, అన్నం గంగాళాలు. అద్దెకు పోతాయి, సొట్టలు పడి తిరిగొస్తాయి.

ఒకప్పుడు ఆ బూరలే చుట్టుపక్కల ఊళ్లకు కబురు మోసేవి. సిద్దిరాములు వాటిని చెట్టుకెక్కించి ఏ పాట వేస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో పొలంలో నాట్లేసే ఆడవాళ్లకు కూడా తెలిసిపోయేది. పొద్దున్నే దేవుని పాట పడిందా, పెళ్లి. జోలపాట పడిందా, బిడ్డను తొట్టెలలో వేస్తున్నారు. ఒగ్గుకథ వినపడిందా, మల్లన్న పట్నాలు. ఎవరూ ఎవరినీ అడిగేవాళ్లు కాదు. తర్వాత డీజేలు వచ్చాయి. లారీ నిండా నల్లపెట్టెలు పేర్చుకొచ్చి గుండెల మీద గుద్దుతాయే తప్ప, ఒక్క ముక్క చెవిలోకి పోనివ్వవు. పెళ్లికీ అదే మోత, వినాయకుడికీ అదే మోత, ఎలక్షన్లో గెలిచినవాడికీ అదే మోత. బూరలు అటకెక్కాయి. సిద్దిరాములు కుర్చీలు కడుక్కునే మనిషయ్యాడు.

ఆ డీజేనే అతనికీ అతని చెల్లెలికీ మధ్య చిచ్చు పెట్టింది.

చెల్లెలు బాలలక్ష్మిని ఆదిలాబాద్‌లో ఇచ్చారు. ఆమె భర్త అంతయ్య పత్తి వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసి రెండంతస్తుల ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి అందరూ బట్టలు తెస్తే సిద్దిరాములు తన బూరలు, ఆంప్లిఫయరు తుడిచి, ట్రాలీ ఆటోలో వేసుకుని పోయాడు. చెల్లెలింటి మీద తన చేతి పాట మోగాలని అతని ఆశ. అక్కడ అంతయ్య అప్పటికే మహారాష్ట్ర నుంచి డీజే తెప్పించాడు. బూరలు పొద్దంతా గోడ పక్కన బోర్లా పడి ఉన్నాయి. వాటి మీద పిల్లలు కూర్చుని ఐస్‌క్రీములు తిన్నారు. వీటిని ఎక్కడ కట్టాలె అన్నా అని ఒక్కరూ అడగలేదు. సిద్దిరాములు భోజనం చేయకుండా బూరలు మళ్లీ ఎక్కించుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం బాలలక్ష్మి ఫోన్ చేసింది. తినకుండా పోయినందుకు ఆమెకూ మండింది. పది మందిలో గా రేకుడబ్బాలు తెచ్చి మా ఇజ్జత్ తీసినవ్, ఆపై తినకుంట పోయి ఇంకింత తీసినవ్ అంది. రేకుడబ్బాలు అన్న మాట సిద్దిరాములు చెవిలో సీసం పోసినట్టయింది.

“ఇగ సచ్చినా నీ గడప తొక్క,” అని ఫోన్ పెట్టేశాడు.

అన్నాచెల్లెళ్లు నోటితో మాట్లాడుకున్న ఆఖరి మాట అది. ఆ తర్వాత నడిచిందంతా వాట్సాప్ స్టేటస్‌లోనే.

మొదలు పెట్టింది ఆమే. రాఖీ పున్నం నాడు ఒక పళ్లెంలో రాఖీ, కుంకుమ, లడ్డూ ఉన్న బొమ్మ పెట్టి, వెనక అన్నాచెల్లెళ్ల పాట వేసింది. సిద్దిరాములు చూశాడు. తను చూసినట్టు ఆమెకు తెలుస్తుందని కూడా అతనికి తెలుసు. చూసినవాళ్ల పేర్లు కింద వరసగా పడతాయి. ఆ పాట తనకే పెట్టిందా, ఊరందరికీ పెట్టిందా? బాలలక్ష్మికి అన్న ఒక్కడే. కానీ ఆ బొమ్మ ఆ రోజు మెట్‌పల్లిలో సగం మంది స్టేటస్‌లో ఉంది. ఆమె ఎవరి దగ్గరో తీసుకుని అలవాటు కొద్దీ పెట్టిందేమో. అడుగుదామంటే నోరు లేదు. పొద్దంతా తల గోక్కుని చివరికి తనూ ఒక పాట పెట్టాడు. చిన్నప్పుడు బాపు ఇద్దర్నీ భుజం మీద ఎక్కించుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చే పాట. ఆమె చూసింది. మర్నాడు తమను కన్న అవ్వ ఫోటో పెట్టింది.

అట్లా రెండేళ్లు. ఆమె బతుకమ్మ పెడితే అతను తంగేడు చెట్టు పెట్టేవాడు. ఆమెకు జ్వరమొస్తే ఆసుపత్రి మంచం పెట్టి విషాదం పాట వేసింది. అతను ధర్మపురి నరసింహస్వామి బొమ్మ పెట్టాడు. ఇది మాట్లాడుకోవడమో కాదో అతనికి ఎప్పుడూ తేలలేదు. స్టేటస్‌తో వచ్చిన చిక్కే అది. మాట ఒకరి మొహాన అంటాం. స్టేటస్ గోడకు చెప్పినట్టు చెప్తాం. గుచ్చుకున్నవాడు అడిగితే నిన్ను కాదు, ఊకెనే పెట్టిన అని తప్పించుకోవచ్చు. తను కూడా అట్లా తప్పించుకోవడానికే పెడుతున్నాడని మాత్రం సిద్దిరాములు ఒప్పుకునేవాడు కాదు.

అతని భార్య రమ ఇదంతా చూసి విసిగిపోయింది. ఇద్దరు మూగోళ్లు గోడకు అటు ఒకలు ఇటు ఒకలు నిలబడి సున్నం గీకుతున్నట్టుంది మీ యవ్వారం అనేది.

మాఘమాసంలో బాలలక్ష్మి కూతురు నవత పెళ్లి కుదిరింది. సిద్దిరాములుకు ఆ సంగతీ స్టేటస్‌లోనే తెలిసింది. సన్నాయి పాటతో పెళ్లికార్డు ఫోన్లో తెరుచుకుంది. వినాయకుడు, అరటిచెట్లు, బంగారు అక్షరాలు. మేనమామ పేరు ఉందా లేదా అని వేలితో పెద్దది చేసి చూశాడు. ఉంది. రమ పేరు కూడా ఉంది. గుండె ఒకసారి చల్లబడింది. వెంటనే మళ్లీ మండింది.

పెళ్లికి పిలవడమంటే ఇంటికొచ్చి, గడప మీద నిలబడి, నుదుట బొట్టు పెట్టి పిలవడం. బయటివాళ్లనైతే కార్డు పంపి పిలుస్తారు. మేనమామను స్టేటస్‌లో పిలుస్తారా? పాలవాడూ చూశాడు ఆ కార్డు, కుర్చీలు అద్దెకు తీసుకునేవాడూ చూశాడు, చూసి నీ మేనకోడలు పెళ్లట గదనే అని అడిగాడు. అతనికీ తనకూ తేడా ఏముంది?

తేడా లేకపోతే పోనీ అని ఊరుకునే పని కూడా కాదు. అసలు భయం అక్కడే ఉంది. బిడ్డ పెళ్లి చేసే తల్లికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. అన్నావదినె పసుపు కలిపిన బియ్యం, చీర, ఎండుకొబ్బరి కుడుకలు, గాజులు పట్టుకుపోయి ఆమె కొంగులో పోస్తే, ఆమె ఆ కొంగుతో పెళ్లిపీట మీద కూర్చుంటుంది. అవ్వా బాపూ లేరు. తోడబుట్టినవాడు ఇంకొకడు లేడు. సిద్దిరాములు పోకపోతే బాలలక్ష్మి ఉత్త కొంగుతో కూర్చోవాలి. నీకు పుట్టిల్లు లేదా అని వియ్యపురాలు అడిగితే ఏం చెప్తుంది? పిలవకుండా పోతే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పోకపోతే చెల్లెలి మొహం ఎక్కడ పెట్టించాలి? రెండు రోజులు అన్నం సయించలేదు.

చివరికి సిద్దిరాములు ఇంట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి, మూత తీసి, తమ గడప మీద పెట్టి ఫోటో తీశాడు. దానికి సన్నాయి కలిపాడు. వచ్చి బొట్టు పెట్టు అని దానర్థం. గుడ్డివాడికైనా అర్థమవుతుందనుకున్నాడు.

బాలలక్ష్మి చూసింది. గంటలో ఆమె స్టేటస్ మారింది. ఆమె ఇంటి గడప. కడిగి, పసుపు రాసి, ముగ్గేసిన గడప. దాని మీద ఏదో హుషారైన పాట.

“సూసినవా? గడప సూపెడుతుంది,” అన్నాడు సిద్దిరాములు. గడప తొక్కనంటివి కదా, ఇదిగో గడప, తొక్కకు అని ఎత్తిపొడుస్తోందట.

రమ ఫోన్ లాక్కుని చూసింది. “కడిగి ముగ్గేసి పెట్టిన, రా అంటుంది. నీకు ఎత్తిపొడుపే కనవడుతది.”

గాజుల దుకాణం చాంద్‌పాషాను అడిగాడు. చాంద్‌పాషా దుకాణం మైక్‌సెట్టు పక్కనే. బొమ్మకు పాట తగిలించడం సిద్దిరాములుకు నేర్పింది అతనే. అతను కళ్లజోడు పైకెత్తి బొమ్మను, కిందికి దించి సిద్దిరాములును చూశాడు.

“అరే సిద్ది భాయ్, పెండ్లిల్లు గద. గడప కడిగిండ్రు, మంచిగ కనవడ్డది, ఫోటో దిగిండ్రు. గంతే. నువ్వు దాంట్ల కోర్టు కేసు సూస్తున్నవ్.”

ముగ్గురికీ మూడు అర్థాలు. సిద్దిరాములుకు తన బూరల కాలం గుర్తొచ్చి ఒళ్లు మండింది. జోలపాట వేస్తే ఎవడైనా పెళ్లనుకున్నాడా? ఒక్కడైనా? పాటకు ఒక అర్థం ఉండేది. ఇప్పుడు ప్రతివాడి జేబులో ఒక బూర. ఎవడి బూర ఏం కూస్తోందో ఎవడికీ తెలియదు.

ఫోన్ చేయమని రమ పోరింది. చేశాడు. అవతల రింగు మోగలేదు, పాట మోగింది. బాలలక్ష్మి పెట్టుకున్న కాలర్ ట్యూన్, ఇల్లూ పిల్లలూ చల్లగా ఉండాలనే పాట. ఒక చరణం పూర్తయ్యేలోపే భయమేసి కట్ చేశాడు. ఎత్తితే ఏమనాలి? మాట పెడితే మళ్లీ ఏ మాట పుడుతుందో.

పెళ్లికి రెండు రోజులుంది. రమ నోరు మూసుకుని పని మొదలుపెట్టింది. ఆయన పోతాడో పోడో, ఒడిబియ్యం మాత్రం సిద్ధంగా ఉండాలని ఆమె లెక్క. బియ్యం చెరిగి, రాళ్లేరి, కొత్త తువ్వాల మీద కుప్పగా పోసింది. చాంద్‌పాషా భార్య షాజాదీ బేగం ఆకుపచ్చ గాజులు ఏరి పెట్టింది. పసుపు అయిపోయిందని రమ కిరాణా కొట్టుకు పోయింది.

బియ్యం కుప్ప చూసేసరికి సిద్దిరాములుకు బుద్ధి పుట్టింది. ఇదే చెప్తే? నీ ఒడిబియ్యం తయారుగా ఉన్నాయి, ఒక్క మాట పిలువు, వస్తా అని ఈ బొమ్మ కన్నా బాగా ఏ బొమ్మ చెప్తుంది? రమ వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఉత్త బియ్యం బోసిగా ఉన్నాయనిపించి, కళ కోసం దేవుని అర్రలోంచి దీపం తెచ్చి కుప్ప పక్కన వెలిగించి పెట్టాడు. ఒక కొబ్బరికాయ పెట్టాడు. ఫోటో బాగా వచ్చింది. పాటల్లో వెతికితే మెల్లగా సాగే సన్నాయి ఒకటి దొరికింది. పెట్టేశాడు.

మొదటి ఫోన్ హుజూరాబాద్ నుంచి. పెద్దనాయన కొడుకు సదానందం.

“అన్నా, ఎవలు పోయిండ్రే?” గొంతు తగ్గించి అడిగాడు.

“ఏడికి పోయిండ్రు?”

“గదే... నీ స్టేటస్ జూసిన. రమ వదినె మంచిగనే ఉన్నదా?”

కొట్టుకు పోయిందని సిద్దిరాములు చెప్పాడు. అయితే మరి ఎవరు పోయారని సదానందం మళ్లీ మొదటికొచ్చాడు. ఆ ఫోన్ పెట్టేలోపు టకటకమని మెసేజులు. చేతులు జోడించిన బొమ్మలు. కన్నీటి బొమ్మలు. ఒకడు ఓం శాంతి అని, పేరు దగ్గర ఖాళీ వదిలి, పూలదండ బొమ్మ పంపాడు. కుర్చీలు కావాలంటే పొద్దుటికల్లా తిరిగి పంపిస్తానని కుర్చీలు అద్దెకు తీసుకున్నవాడే ధైర్యం చెప్పాడు.

రమ పసుపు పొట్లంతో వచ్చేసరికి సిద్దిరాములు అరుగు మీద ఫోన్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. ఆమె లోపలికి పోయి తువ్వాల మీద బియ్యాన్ని, పక్కన వెలుగుతున్న దీపాన్ని చూసింది. పొట్లం చేతిలోంచి జారింది.

“దీపం పెట్టినవా?” అంది. “తెల్ల బియ్యం పక్కన దీపం పెట్టినవా? గిది ఎవలి తలాపున పెడతరో తెల్వదా నీకు?”

అప్పుడు తెలిసింది. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి తల దగ్గర పెట్టేది అదే. పసుపు లేని బియ్యం, ఒక దీపం. ఎన్ని చావులకు తను కుర్చీలు, షామియానా వేశాడో, ఎన్నిసార్లు ఆ కుప్పను చూశాడో. చూస్తూనే ఇట్లా పెట్టాడు. ఒక్క చిటికెడు పసుపు. అది పడితే ఒడిబియ్యం, పడకపోతే పీనుగు బియ్యం.

స్టేటస్ తీసేయబోతే, చూసినవాళ్ల పేర్లలో బాలలక్ష్మి పేరు కనిపించింది.

ఆ సమయానికి ఆదిలాబాద్‌లో పసుపు దంచుతున్నారని తర్వాత తెలిసింది. ఐదుగురు ముత్తైదువలు రోకళ్లు పట్టుకుని ఉండగా ఎవరో బాలలక్ష్మి ఫోన్ తెచ్చి చూపించారట. పాటలు ఆగిపోయాయట. అంతయ్య తల్లి రోకలి వదిలేసి, నీ అన్న నా మనుమరాలి పెండ్లికి పీనుగు బియ్యం పంపిండా అని నిలదీసిందట.

సిద్దిరాములుకు ఫోన్లో కనిపించింది మాత్రం ఒక్కటే. బాలలక్ష్మి కొత్త స్టేటస్. నల్లగా ఉంది. బొమ్మ లేదు, పాట లేదు. ఉత్త నలుపు. ఫోన్ చెడిపోయిందేమోనని తుడిచి చూశాడు. చెడిపోలేదు. రెండేళ్లలో ఆమె పెట్టిన స్టేటస్‌లన్నింటిలో అర్థం గురించి ఎవర్నీ అడగనక్కర్లేనిది అదొక్కటే.

మర్నాటికి అదీ లేదు. పెళ్లింటి నుంచి ఏ బొమ్మా రావడం లేదంటే సిద్దిరాములుకు అనుమానం వచ్చింది. చాంద్‌పాషా దగ్గరికి పోయాడు. చాంద్‌పాషా ఫోన్లో బాలలక్ష్మి నంబరుంది, పండుగలకు గాజులు అతని దగ్గరే తెప్పించుకుంటుంది. అతని ఫోన్లో ఆమె స్టేటస్‌లు వరసగా మోగాయి. నవత చేతికి మెహందీ. పందిరి. నల్లపెట్టెలు దిగుతున్న లారీ.

“నీకు కనవడకుంట పెట్టింది భాయ్,” అన్నాడు చాంద్‌పాషా మెల్లగా. “ఒక్క నీకే.”

సిద్దిరాములు గాజుల దుకాణం మెట్టు మీదే కూలబడ్డాడు. ఒక్క తనకే. ఇన్నాళ్లూ ఆమె పెట్టింది తనకా, ఊరికా అని కొట్టుకున్నాడు. ఇప్పుడు ఊరందరికీ ఉంది, తనకు లేదు. ఫోన్ చేశాడు. ఇల్లూ పిల్లలూ చల్లగా ఉండాలని పాట పల్లవి నుంచి చివరిదాకా పాడి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే పాట. చెల్లెలి గొంతు వినాలని చేస్తే ఎవరో పాటగాడు చల్లగా ఉండమని దీవిస్తున్నాడు. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి ఇక పోయేది లేదని తేల్చేశాడు. “బొట్టు వెట్టలే, ఫోన్ ఎత్తలే. కుక్క లెక్క పొమ్మంటవా?”

రమ బియ్యంలో పసుపు కలుపుతోంది. మోచేతుల దాకా పచ్చగా ఉంది. లేచి, కుంకుమ భరిణె తీసి, అతని ఎదురుగా నిలబడి, పసుపు చేత్తోనే అతని నుదుట బొట్టు పెట్టింది.

“ఇగో. వెట్టిన. నీ చెల్లె పేరు మీద నేనే పిలుస్తున్న. రేపు తొలి బస్సుకు పోదాం,” అంది. “ఇంక నువ్వు గా ఫోన్ ముట్టుకుంటే నేను ముట్టుకోను నిన్ను.”

నిర్మల్లో బస్సు మారి, ఎండ ఎక్కకముందే ఆదిలాబాద్ చేరారు. మూట రమ ఒళ్లో ఉంది. చీర, గాజుల సంచి సిద్దిరాములు చేతిలో. ఫంక్షన్ హాలు రెండు వీధుల అవతలి నుంచే తెలిసిపోయింది, నేల అదురుతోంది. గేటు దగ్గరే డీజే. దాని ముందు కుర్రాళ్లు ఎగురుతున్నారు. అంతయ్య ఎదురొచ్చాడు. ఏదో అన్నాడు. రా బావా అన్నాడో, రాకు బావా అన్నాడో ఆ మోతలో తెలియలేదు. చేయి మాత్రం లోపలికి చూపించింది.

బాలలక్ష్మి మండపం పక్క గదిలో ఉంది. పట్టుచీర, తలలో పూలు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్లు. సిద్దిరాములు మొహం మీద ఆమె చూపు ఆగలేదు. నేరుగా మూట మీదికి పోయింది. ఆడవాళ్లందరి చూపూ మూట మీదే. అంతయ్య తల్లి గోడకానుకుని మెడ సాచింది.

రమ ఎవరినీ పలకరించలేదు. ముందు మూట నేల మీద పెట్టి ముడి విప్పింది. పచ్చటి బియ్యం. పసుపు ఒకటికి రెండింతలు వేసినట్టుంది, గింజ గింజా మెరుస్తోంది. పిడికెడు తీసి అంతయ్య తల్లి ముందు చేయి తెరిచి చూపించి, మళ్లీ కుప్పలో పోసింది.

బాలలక్ష్మి చాప మీద కూర్చుని కొంగు పట్టింది.

రమ బొట్టు పెట్టి, చీర పెట్టి, గాజులు తొడిగింది. తర్వాత ఇద్దరూ దోసిళ్లతో పోశారు. సిద్దిరాములు వంగి పోస్తుంటే చెల్లెలి మొహం జానెడు దూరంలో ఉంది. ఆమె తల దించుకుని బియ్యాన్నే చూస్తోంది. ఆమె పాపిటలో తెల్లవెంట్రుకలు కనిపించాయి. రెండేళ్ల స్టేటస్‌లలో అవెప్పుడూ కనిపించలేదు. అతని నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

“నీ గడప తొక్క అన్నది నోటితోని అన్న, బాలవ్వా. కాళ్లతోని అనలే.”

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పెళ్లికొడుకు కారు దిగినట్టుంది, డీజే ఒక్కసారి విరుచుకుపడింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. బాలలక్ష్మి తల ఎత్తింది. ఆమె పెదవులు కదిలాయి. ఏమంటున్నవ్ అన్నట్టుంది. అంతలో పెళ్లికొడుకు వచ్చిండని ఎవరో ఆమె రెక్క పట్టి లేపారు. ఒడిలో బియ్యం మూట కట్టుకుని ఆమె పోయింది. ఆ తర్వాత తాళి, తలంబ్రాలు, ఫోటోలు. మేనమామ అని స్టేజీ మీదికి పిలిచారు, నవత కాళ్లకు మొక్కింది. భోజనం ఈసారి తిన్నాడు. చెల్లెలు మాత్రం చేతికి దొరకలేదు. చుట్టూ జనం, చుట్టూ మోత.

మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్ తీశాడు. రమ కళ్లు మూసుకుని ఉంది కాబట్టి ధైర్యం చేశాడు. బాలలక్ష్మి స్టేటస్ కనిపించింది. మళ్లీ అతనికి కనిపించేలా పెట్టింది.

ఒడిబియ్యం వీడియో. గదిలో ఎవరో తీసినట్టున్నారు. పచ్చటి బియ్యం కొంగులో పడుతున్నాయి. అతను వంగాడు. నోరు కదిలింది. ఆ నోటి మీద అన్నాచెల్లెళ్ల పాట. రాఖీ నాటి పాటే. తన మాట వచ్చే చోట పాటగాడు రాగం తీస్తున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ రాగం. రెండేళ్ల తర్వాత నోరు తెరిచి ఒక్క మాట అంటే, అక్కడ డీజే మింగింది, ఇక్కడ పాట మింగింది. జన్మంతా మందికి పాటలు వేసిన తన నోటి మీదే పాట వేశారు.

తిట్టుకుంటుండగానే ఫోన్ మోగింది. బాలలక్ష్మి.

“అన్నా,” అంది. ఆమె వెనక డీజే ఇంకా మోగుతోంది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. “బియ్యం పోస్తప్పుడు ఏమో అన్నవ్. నాకు ఇనవడలే. ఏమన్నవే?”

బస్సు నిండా జనం. ముందు సీటు మనిషి తల తిప్పి చూస్తున్నాడు. సిద్దిరాములు నోరు తెరిచాడు. అక్కడ అంత తేలిగ్గా వచ్చిన మాట ఇక్కడ రాలేదు.

“ఏం లేదు. బియ్యం పురుగు వట్టకముందే వండుకోమన్న.”

డీజే మోతలోంచే “గంతేనా?” అంది.

“గంతే.”

“సరే,” అని పెట్టేసింది.

రమ కళ్లు తెరవకుండానే అంది. “పక్కన్నే ఉన్న గద, నేనిన్న. పురుగుల ముచ్చట నువ్వనలే.”

సిద్దిరాములు ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత వంగి, దుమ్ముకొట్టుకున్న చెప్పుల్లో ఉన్న తన రెండు కాళ్లకు ఫోటో తీశాడు. దీనికి ఏ పాట పెట్టాలా అని వెతుకుతుంటే రమ లేచి తొంగి చూసింది.

“గిదేంది?”

“కాళ్లు. నోటితోని అన్న గని కాళ్లతోని అనలేదని. ఆమెకు సమజైతది.”

“ఏం సమజైతది? కాళ్లు సూపెడితే తంతనంటున్నడనుకుంటది,” అంది రమ. “మొన్న పీనుగు బియ్యం, ఇయ్యాల కాళ్లు. పెట్టు, పెట్టు. వాళ్ల అత్తకు కూడా సూపెడతరు.”

అతను బొమ్మను చూశాడు. నిజమే. తన్నబోయే కాళ్లలాగానే ఉన్నాయి. ఎట్లా తిప్పి చూసినా అట్లాగే ఉన్నాయి. బొమ్మ తీసేసి, ముందు సీటువాణ్ని చూసి, రమను చూసి, చెల్లెలి నంబరు నొక్కాడు.

పాట మొదలైంది. ఇల్లూ పిల్లలూ చల్లగా ఉండాలి. పల్లవి అయిపోయింది, పాటగాడు చరణం ఎత్తుకున్నాడు. సిద్దిరాములు ఈసారి కట్ చేయలేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, ఆ పాటగాణ్ని పళ్ల మధ్య తిట్టుకుంటూ, వాడు ఎప్పుడు ఆపుతాడా అని కాచుకుని కూర్చున్నాడు.